తటస్థీకరణ ఎంథాల్పీ 57.1 రావాల్సింది 49.3 వస్తుంది, తప్పు ఎక్కడ?

హనుమకొండ_బీఎస్సీ:

నమస్తే. ఫస్టియర్ ప్రాక్టికల్‌లో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ తటస్థీకరణ ఎంథాల్పీ (ఆమ్లం, క్షారం కలిసి ఒక మోల్ నీరు అయితే వెలువడే వేడి) కట్టాలె. మేం చేసింది ఇది.

250 మి.లీ. గాజు బీకరు, చుట్టూ దూది, పైన అట్టముక్క మూత. రెండు ద్రావణాలూ 1 మోలార్, చెరి 50 మి.లీ. కలపకముందు రెండూ 32.0 డిగ్రీలు. కలిపినంక ఎక్కువలో ఎక్కువ 37.9 దాకా పోయింది. థర్మామీటర్ 0.1 డిగ్రీ గీతలది.

లెక్క: 100 × 4.18 × 5.9 = 2466 జౌల్స్. మోల్స్ 0.05. అంటే మోల్‌కు 49.3 కిలోజౌల్స్. బుక్కుల −57.1 ఉన్నది. దగ్గర దగ్గర 14 శాతం తక్కువ. మూడుసార్లు చేసినా 49, 50 మధ్యనే తిరుగుతుంది.

ఇంకో డౌటు. మీథేన్ దహనం బంధ ఎంథాల్పీలతో (బంధాలు తెంపడానికి పట్టే వేడి) చేస్తే −694 వచ్చింది, ఫార్మేషన్ ఎంథాల్పీలతో (మూలకాల నుంచి పదార్థం ఏర్పడేటప్పటి ఎంథాల్పీ మార్పు) చేస్తే −890 వచ్చింది. ఒక్క చర్యకు రెండు జవాబులు ఎట్ల? నేను వాడిన బంధ విలువలు: కార్బన్-హైడ్రోజన్ 413, ఆక్సిజన్ అణువులోని ద్విబంధం 498, కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం 745, ఆక్సిజన్-హైడ్రోజన్ 463.

ల్యాబ్_కాజీపేట:

మూడుసార్లూ ఒకే చోట తగ్గిందంటే రీడింగ్ చూడటంలో తడబాటు కాదు. జమాఖర్చులో ఒక పద్దు రాయడం మరిచిపోయారు. ఆ పద్దు బీకరు.

చర్యలో వచ్చిన వేడి నీళ్ళకే కాదు, నీళ్ళను పట్టుకున్న గాజుకు, లోపల మునిగిన థర్మామీటర్‌కు, కలిపే కడ్డీకి కూడా పోయింది. మీ లెక్కలో 100 గ్రాముల ద్రావణం ఒక్కటే ఉంది. 250 మి.లీ. బీకరు బరువు సుమారు 100 గ్రాములు ఉంటుంది, గాజు విశిష్టోష్ణం గ్రాముకు 0.84 జౌల్స్. మొత్తం గాజు వేడెక్కితే డిగ్రీకి 84 జౌల్స్. కానీ 100 మి.లీ. ద్రావణం బీకరులో సగం కూడా రాదు కాబట్టి అందులో సగం, సగానికి కాస్త ఎక్కువ అనుకోవచ్చు. అనుకోవడం ఎందుకు, కొలిచేయండి.

అదే బీకరు, అదే దూది, అదే మూత, అదే థర్మామీటర్. ఏ ఒక్కటి మార్చినా ఈ కొలత పనికిరాదు. బీకరులో 50.0 గ్రాముల చల్లటి నీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఉంచండి, గాజు కూడా ఆ ఉష్ణోగ్రతకు రావాలి. వేరే పాత్రలో ఇంకో 50.0 గ్రాములు 48 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. పోసే ముందు క్షణంలో దాని ఉష్ణోగ్రత చూసి ఒక్కసారిగా పోయండి, కలుపుతూ చివరి ఉష్ణోగ్రత రాసుకోండి. వేడి నీళ్ళు పోగొట్టుకున్న వేడిలోంచి చల్లటి నీళ్ళు తీసుకున్న వేడి తీసేస్తే మిగిలింది బీకరు తిన్నది. దాన్ని చల్లటి వైపు పెరిగిన డిగ్రీలతో భాగిస్తే కెలోరీమీటర్ స్థిరాంకం.

తూకంతోనే తీసుకోండి, పిపెట్‌తో కాదు. 48 డిగ్రీల దగ్గర 50 మి.లీ. నీళ్ళు 49.4 గ్రాములే తూగుతాయి.

ఫ్యాన్ బందు చేయండి. అట్టముక్క మూతలో థర్మామీటర్ దూరేంత కన్నమే ఉండాలి.

మంచిర్యాల_ఇంటర్:

ఇంత కథ ఎందుకు అన్నా, డెల్టా టీ (పెరిగిన డిగ్రీలు) 6.8 అని రాసెయ్. 57 దగ్గరికి వస్తది. అందరూ అదే చేస్తరు.

కరీంనగర్_ఫిజికల్:

6.8 రాస్తే దొరికిపోతారు, అదీ ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) ఒక్క ప్రశ్న అడిగితే చాలు: "మీ గది ఉష్ణోగ్రత ఎంత?" 32 డిగ్రీల గదిలో 57.1 రావడమే అనుమానం.

ఎందుకంటే −57.1 అన్నిచోట్లా పనిచేసే అంకె కాదు. హైడ్రోజన్ అయాన్, హైడ్రాక్సైడ్ అయాన్ కలిసి నీరు అయ్యే చర్యకు 25 డిగ్రీల దగ్గర, బాగా పలచటి ద్రావణాల్లో విలువ −55.8. ఈ చర్యలో ఉష్ణధారణ (ఒక డిగ్రీ పెంచడానికి పట్టే వేడి) మోల్‌కు, డిగ్రీకి సుమారు 224 జౌల్స్ పెరుగుతుంది. కిర్కాఫ్ సమీకరణం ప్రకారం ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ వెలువడే వేడి 0.224 కిలోజౌల్స్ చొప్పున తగ్గుతుంది. 20 డిగ్రీలకు లెక్కేస్తే −56.9. మీ 32 డిగ్రీలకు −55.8 + 7 × 0.224, అంటే −54.2. పుస్తకంలోని 57.1 ఈ లెక్కన 19 డిగ్రీల దగ్గర సరిపోతుంది. వరంగల్‌లో అలాంటి ల్యాబ్ జనవరి తెల్లవారుజామున తప్ప దొరకదు.

ఉష్ణోగ్రత అన్నప్పుడు ఏది, మొదటిదా చివరిదా అని వస్తుంది. మీరు క్రియాజన్యాల (ఉప్పునీళ్ళ) ఉష్ణధారణతో గుణిస్తున్నారు కాబట్టి, వచ్చే ఎంథాల్పీ మొదటి ఉష్ణోగ్రతది. 32 పెట్టండి.

అంటే మీరు వెతకాల్సిన తేడా 7.8 కాదు, 5 మాత్రమే. అందులో ఎక్కువ భాగం కాజీపేట గారు చెప్పిన బీకరు. మిగిలినదానికి సోడియం హైడ్రాక్సైడ్‌ను అనుమానించండి. 40 గ్రాములు తూచి లీటరు చేసి "1 మోలార్" అని చీటీ అంటించి ఉంటారు. ఆ గుళికలు తూచే లోపలే చెమ్మ పట్టి జిగురవుతాయి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తింటాయి. అసలు బలం 0.97, 0.98 ఉంటే ఆశ్చర్యం లేదు. ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్ 6.30 గ్రాములు 100 మి.లీ.కి కలిపితే 0.5 మోలార్. అది 10 మి.లీ. తీసుకుని ఫినాఫ్తలీన్ వేసి క్షారంతో టైట్రేట్ చేయండి. క్షారం నిజంగా 1 మోలార్ అయితే సరిగ్గా 10 మి.లీ. పడుతుంది.

ఇంకొకటి. ఆ క్షారం అదే రోజు చేసిందా? సోడియం హైడ్రాక్సైడ్ నీళ్ళలో కరిగితే మోల్‌కు 44.5 కిలోజౌల్స్ వేడి పుడుతుంది. లీటరులో 40 గ్రాములు కరిగిస్తే ద్రావణం పది డిగ్రీల పైనే వేడెక్కుతుంది. ఫ్లాస్కు చల్లగా తగిలినా లోపల రెండు డిగ్రీలు మిగిలి ఉండొచ్చు. ముందు రోజు చేసి పెట్టుకోవడం మేలు. రెండిటి ఉష్ణోగ్రతలూ ఒకే థర్మామీటర్‌తో, మధ్యలో కడిగి తుడిచి చూడాలి. కడగకుండా ఆమ్లంలోంచి తీసి క్షారంలో పెడితే చర్య అక్కడే మొదలవుతుంది.

4.18, సాంద్రత 1 అనే ఊహల జోలికి ఇప్పుడే పోవద్దు. ఉప్పునీళ్ళ విశిష్టోష్ణం నీళ్ళకన్నా తక్కువ, సాంద్రత ఎక్కువ, రెండూ చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మిగిలేది ఒక శాతం.

గోదావరిఖని_ప్రాసెస్:

మీథేన్ సంగతి నేను చెప్త. మీ లెక్కల రెండు తప్పులు ఉన్నయి, ఒక్కటే అనుకుంటే ఎంత వెతికినా దొరకదు.

మొదటిది 745. అది ఆల్డిహైడ్లు, కీటోన్లలో ఉండే కార్బన్-ఆక్సిజన్ ద్విబంధం. కార్బన్ డయాక్సైడ్‌లది అంతకన్నా గట్టిది, 799 వాడాలె. పట్టికలో రెండూ పక్కపక్కనే ఉంటయి, కింద చిన్న అక్షరాలతో రాస్తరు, కన్ను జారుతది. సరిచేసి చూడు:

తెగినవి: 4 × 413 + 2 × 498 = 2648.
ఏర్పడినవి: 2 × 799 + 4 × 463 = 3450.
2648 − 3450 = −802.

అయినా −890 రాలేదు కదా. రెండో తప్పు నీళ్ళది. బంధ ఎంథాల్పీలు వాయువులకే. ఆ లెక్కల వచ్చిన నీరు ఆవిరి. ఫార్మేషన్ లెక్కల నువ్వు తీసుకున్నది −285.8, అది ద్రవ నీటిది. ఆవిరికి −241.8 పెట్టి చూడు: −393.5 + 2 × (−241.8) − (−74.8) = −802.3. కలిసిపోయినయి. ద్రవం పెడితే −890.3. మధ్యల 88, అంటే రెండు మోల్స్ నీరు ఆవిరి కావడానికి పట్టే 44 చొప్పున వేడి. రెండు జవాబులూ కరెక్టే, చర్యలే వేరు.

ఇక్కడ 802 ఇంత సూటిగా కలవడం కొంత అదృష్టం అనుకో. బంధ ఎంథాల్పీలు ఎన్నో అణువుల మీద తీసిన సగటులు, కొన్ని చర్యల పది, ఇరవై తేడా మామూలే. ఫార్మేషన్ విలువలు దొరికితే బంధాల దగ్గరికి పోవద్దు.

బొగ్గు కాలిస్తే వచ్చే వేడికి జీసీవీ, ఎన్‌సీవీ అని రెండు అంకెలు ఎందుకుంటయో కూడా ఇదే. మొదటిదాంట్ల పొగల పోయే నీటిని ద్రవంగా లెక్కగడతరు, రెండోదాంట్ల ఆవిరిగా.

గుర్తుల దగ్గర కూడా పడిపోతరు, జాగ్రత్త. బంధాలల్ల తెగినవి మైనస్ ఏర్పడినవి. ఫార్మేషన్‌ల క్రియాజన్యాలు మైనస్ క్రియాజనకాలు. ఒకటి గుర్తుపెట్టుకొని రెండోదానికి కూడా అదే వాడితే అంకె సరిగ్గా వస్తది, గుర్తు తిరగబడతది. మీథేన్ మండితే ప్లస్ 802 వచ్చిందంటే ఆగి చూడాలె కదా, చాలామంది ఆగరు.

హనుమకొండ_బీఎస్సీ:

మీథేన్ అర్థమైంది, థాంక్స్ అన్నా. హెస్ నియమంల (ఏ దారిన పోయినా మొత్తం ఎంథాల్పీ మార్పు ఒక్కటే) సమీకరణాలు కలపడం ఇంకా తికమకనే. ఏది తిప్పాలె, ఏది గుణించాలె అన్నది చూసి చెప్పడం వస్తలేదు.

గోదావరిఖని_ప్రాసెస్:

మన దగ్గరి ఉదాహరణే తీసుకో. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలల్ల పాత ఎఫ్‌సీఐ బొగ్గు మీద నడిచేది, ఇప్పుడున్న ఆర్‌ఎఫ్‌సీఎల్ సహజవాయువు మీద నడుస్తది. రెండిట్లా పని ఒక్కటే: అమ్మోనియా కోసం హైడ్రోజన్ తియ్యాలె.

(1) మీథేన్ + ఆవిరి → కార్బన్ మోనాక్సైడ్ + 3 హైడ్రోజన్. −110.5 − (−74.8 − 241.8) = +206.1.
(2) కార్బన్ మోనాక్సైడ్ + ఆవిరి → కార్బన్ డయాక్సైడ్ + హైడ్రోజన్. −393.5 − (−110.5 − 241.8) = −41.2.

ఇప్పుడు ప్రశ్న: మీథేన్ + 2 ఆవిరి → కార్బన్ డయాక్సైడ్ + 4 హైడ్రోజన్, ఎంత? లక్ష్య సమీకరణంల లేని పదార్థం ఏదో ముందు చూడు. కార్బన్ మోనాక్సైడ్. (1)ల కుడిపక్క ఒకటి, (2)ల ఎడమపక్క ఒకటి. తిప్పకుండానే కొట్టుడు పోతయి. కలుపు: 206.1 − 41.2 = +164.9. నేరుగ ఫార్మేషన్‌తో చేసినా −393.5 + 74.8 + 483.6 = +164.9.

అదే బొగ్గు దారి: కార్బన్ + ఆవిరి → కార్బన్ మోనాక్సైడ్ + హైడ్రోజన్, +131.3. ఇప్పుడు (1)లోంచి దీన్ని తీసెయ్యాలంటే దీన్ని తిప్పి రాసి, గుర్తు మార్చి కలపాలె: 206.1 − 131.3 = +74.8. మిగిలింది మీథేన్ → కార్బన్ + 2 హైడ్రోజన్. మీథేన్ ఫార్మేషన్‌కు తిరగబడ్డ అంకె. ఇట్ల తెలిసినదానికి చేరితే లెక్క సరైనట్టే.

కలిపేటప్పుడు స్థితి కూడా కొట్టుకుపోవాలె. ఒక సమీకరణంల నీరు ద్రవం, ఇంకోదాంట్ల ఆవిరి ఉంటే అవి రెండూ ఒకటి కావు, కొట్టెయ్యకు. మధ్యల 44ల వరుస ఒకటి పెట్టుకో.

కరీంనగర్_ఫిజికల్:

ఒక చేర్పు. రిఫార్మర్ (మీథేన్, ఆవిరి చర్య జరిగే కొలిమి) నడిచేది 25 డిగ్రీల దగ్గర కాదు. ఆ 206 కాస్తా 727 డిగ్రీల దగ్గర సుమారు 225 అవుతుంది. 25 డిగ్రీల ఉష్ణధారణలనే స్థిరంగా పెట్టి కిర్కాఫ్ లెక్క వేస్తే 239 వస్తుంది. ఎక్కువ రావడానికి కారణం మీథేన్: ఆ వేడికి దాని ఉష్ణధారణ దాదాపు రెట్టింపవుతుంది. పది, పదిహేను డిగ్రీల తేడాకు స్థిరమనుకోవచ్చు, ఏడువందలకు కుదరదు.

బాంబ్ కెలోరీమీటర్ (గట్టిగా మూసిన పాత్రలో మండించి వేడి కొలిచేది) లెక్క వస్తే: అందులో దొరికేది అంతర్గత శక్తి మార్పు. ఎంథాల్పీ కావాలంటే వాయువుల మోల్స్ తేడాను ఆర్‌టీతో (వాయు స్థిరాంకం ఆర్ ఇంటూ కెల్విన్ ఉష్ణోగ్రత) గుణించి కలపాలి. మీథేన్, ద్రవ నీరు అయితే తేడా 1 − 3 = −2. ఆర్‌టీ 25 డిగ్రీల దగ్గర 2.48 కిలోజౌల్స్, −885.3 నుంచి −890.3కి తేడా అదే. ఇక్కడ పేపర్లలో మార్కులు పోయేది ఆర్ విలువ 8.314 జౌల్స్‌లో ఉందని మరిచి కిలోజౌల్స్‌లో కలిపేయడం వల్ల.

సైలెంట్_పరకాల:

సున్నం నీళ్ళు పోస్తే ఉడుకుతుంది కదా, దాన్ని కూడా ఈ బీకరులో కొలవొచ్చా?

ల్యాబ్_కాజీపేట:

నేరుగా వద్దు. ఫార్మేషన్ ఎంథాల్పీలతో లెక్క సులువే: కాల్షియం ఆక్సైడ్ (సున్నం) −635.1, నీరు −285.8, కాల్షియం హైడ్రాక్సైడ్ −986.1. కాబట్టి −65.2. కిలో మంచి కాల్చిన సున్నంలో 17.8 మోల్స్, అంటే 1160 కిలోజౌల్స్. మూడు లీటర్ల నీళ్ళు పోసినా 30 డిగ్రీల నుంచి మరుగుదాకా తీసుకుపోతుంది. చిలికితే కంట్లో పడుతుంది, కన్ను పోతుంది. పైగా ముద్ద పైన ఉడికి లోపల పొడిగా ఉండిపోతుంది, థర్మామీటర్ ఒక్కో మూల ఒక్కోటి చూపిస్తుంది.

చుట్టూ తిరిగి వెళ్ళాలి. 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మి.లీ.లో 1.00 గ్రాము కాల్షియం ఆక్సైడ్ వేస్తే సుమారు 8 డిగ్రీలు పెరుగుతుంది. వేరేగా అదే ఆమ్లంలో 1.32 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ వేస్తే సుమారు 5.3. మోల్‌కు −193.5, −128.3. రెండోదాన్ని తిప్పి మొదటిదానికి కలిపితే −65.2. ఇది కూడా హెస్సే.

పొడి వేసినప్పుడు బుడగలు కనిపిస్తే ఆ నమూనా పారేయండి. పాత డబ్బాలోది గాలి తిని కార్బొనేట్ అయింది.

హనుమకొండ_బీఎస్సీ:

చెప్పినట్టు చేసిన. స్థిరాంకం: చల్లటి నీళ్ళు 32.0, వేడివి 48.0, కలిపినంక 39.2.
వేడివి పోగొట్టుకున్నది 50 × 4.18 × 8.8 = 1839. చల్లటివి తీసుకున్నది 50 × 4.18 × 7.2 = 1505. తేడా 334, 7.2తో భాగిస్తే 46.4.
పాత రీడింగ్‌కు (418 + 46.4) × 5.9 = 2740. టైట్రేషన్‌ల క్షారం 10.2 మి.లీ. పట్టింది, అంటే 0.980 మోలార్, మోల్స్ 0.0490. జవాబు −55.9. ఇప్పుడు 54.2 కంటే ఎక్కువైంది!

ల్యాబ్_కాజీపేట:

భయపడాల్సింది లేదు. మీ 39.2ను 39.3గా చదివి ఉంటే స్థిరాంకం ఎంతయ్యేదో వేసి చూడండి: 40. ఒక్క గీతకు ఆరు జౌల్స్ జారింది. రెండు పెద్ద అంకెల తేడా మీద నడిచే కొలతలకు ఈ జబ్బు తప్పదు. అందుకే స్థిరాంకం చిన్నదిగా ఉండే పాత్ర కావాలి. థర్మాకోల్ గ్లాసులు రెండు, ఒకదాంట్లో ఒకటి, నిలబడటానికి బీకరులో పెట్టండి. దాని స్థిరాంకం పది, పదిహేను ఉంటుంది, అందులో సగం తప్పినా జవాబు రెండు శాతం కూడా కదలదు.

"ఎక్కువలో ఎక్కువ" ఉష్ణోగ్రత రాయడం కూడా మానండి. ఆమ్లాన్ని గ్లాసులో పోసి ప్రతి అర నిమిషానికి రీడింగ్, నాలుగో నిమిషంలో క్షారం, తర్వాత పదో నిమిషం దాకా మళ్ళీ అర నిమిషానికొకటి. గ్రాఫ్ గీసి చల్లారే గీతను వెనక్కి నాలుగో నిమిషం దాకా పొడిగించి అక్కడ విలువ తీసుకోండి. థర్మామీటర్ అందుకునే లోపల పోయిన వేడి అలా తిరిగి లెక్కలోకి వస్తుంది. గది 38, ద్రావణం 32 ఉంటే మాత్రం మొదటి నాలుగు నిమిషాల గీత పైకి ఎక్కుతూ ఉంటుంది, దాన్ని కూడా ముందుకు పొడిగించాలి.

హనుమకొండ_బీఎస్సీ:

థర్మాకోల్ గ్లాసుతో: స్థిరాంకం 12. మొదలు 31.8, గ్రాఫ్‌ల పొడిగిస్తే 38.0. (418 + 12) × 6.2 = 2666. 0.0490తో భాగిస్తే −54.4. రికార్డుల బుక్కు విలువ 57.1 రాసి ఎర్రర్ శాతం వెయ్యాల్నా?

కరీంనగర్_ఫిజికల్:

57.1తో పోల్చి 4.7 శాతం అని రాయొచ్చు, కానీ పక్కనే "31.8 డిగ్రీల దగ్గర ఊహించే విలువ −54.3" అని, కిర్కాఫ్ లెక్క రెండు వరుసలు రాయండి. ఉష్ణోగ్రత తేడాలో 0.1 నుంచి 0.15 దాకా అనిశ్చితి ఉంది, 6.2 మీద అది రెండు శాతం దాటొచ్చు. కాబట్టి −54.4, ప్లస్ ఆర్ మైనస్ 1.3. చివర 54.41 అని రెండు దశాంశాలు పెట్టకండి. మైనస్ గుర్తు మరవద్దు: ద్రావణం పొందిన వేడి ప్లస్ 2666, చర్య ఎంథాల్పీ మైనస్.

మంచిర్యాల_ఇంటర్:

సరే, 6.8 వాపస్ తీసుకుంటున్న.